పెంటపాడు వరిసీమలో పాత గోతాల వ్యాపారం

పెంటపాడు, తాడేపల్లిగూడెం, ఏలూరు చుట్టుపక్కల వరి పండే ఊళ్లలో ఒకరు వాడి వదిలేశాక ఇంకొకరు కొనుక్కునే సరుకు చాలానే ఉంది. పాత ఇనుము, ఇత్తడి బిందెలు, పాత చీరలిచ్చి స్టీలు గిన్నెలు తీసుకునే మార్పిడి బేరాలు, చేతులు మారే ట్రాక్టర్లు అన్ని ప్రాంతాల్లోనూ కనిపించేవే. ఈ సీమకు మాత్రం పాత గోనె సంచి బేరమే పెద్ద బేరం. కళ్లం నుంచి మిల్లుకు ధాన్యం కదలాలన్నా, మిల్లు నుంచి గిడ్డంగికి బియ్యం చేరాలన్నా సంచి కావాలి. ఆ సంచి కొత్తదే కానక్కర్లేదు. కొత్త సంచి ఒక్క పంటకే కొత్తది. ఆ తర్వాత చిరిగి పీలికలయ్యేదాకా పాత సంచిగానే తిరుగుతుంది, పాత సంచిగానే అమ్ముడుపోతుంది.

పెంటపాడు తాడేపల్లిగూడేనికి దక్షిణాన కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న మండల కేంద్రం. జాతీయ రహదారి మండలంలోని అలంపురం, ప్రత్తిపాడు మీదుగా పోతుంది. దక్షిణాన భీమవరం దాకా కాలువ కింది పొలాలే. నైరుతి దిక్కుకు వెళ్తే చేపల చెరువులూ, వాటిని దాటితే కొల్లేరూ. 1925లో ఏలూరు కేంద్రంగా ఏర్పడిన పశ్చిమ గోదావరి జిల్లాను 2022 ఏప్రిల్ 4న విడదీసినప్పుడు ఏలూరు వేరే జిల్లా అయింది. పెంటపాడు భీమవరం కేంద్రంగా మిగిలిన పశ్చిమ గోదావరిలో ఉండిపోయింది. గోతాల వ్యాపారానికి ఈ సరిహద్దు పట్టదు.

ధాన్యాన్ని కుంచాలతో, తూములతో, పుట్లతో కొలిచిన రోజుల్లో సంచి కొలతకు పనికొచ్చే వస్తువు కాదు, మోతకు మాత్రమే. పండిన ధాన్యంలో ఎక్కువ భాగం ఊళ్లోనే గాదెల్లోనూ, వరిగడ్డి వెంటితో చుట్టిన పురుల్లోనూ ఉండేది. ఊరు దాటాల్సిన ధాన్యమూ, ఉప్పూ ఎద్దుల మీదా గాడిదల మీదా కంట్లాల్లో పోయేవి. తీరం నుంచి లోపలి సీమలకు ఉప్పు మోసిన లంబాడీల బిడారులు ఈ రవాణాలో పెద్ద భాగం. జనుము నారతో గోనెలు నేసి, వాటిలో సరుకు వేసి పశువుల మీద తోలుకుపోయిన పెరికవారిది ఇంకో భాగం. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన ఏడు సంపుటాల దక్షిణ భారత కులాల గ్రంథంలో వీరి వృత్తి ప్రస్తావన ఉంది. చేతి మగ్గం మీద నేసిన ఆ గోనె మందంగా, మోటుగా ఉండేది. అరిగిన చోట ఇంట్లోనే మాసిక వేసుకునేవారు. సంచి అనేది బిడారు సొత్తు. సరుకుతో పాటు కొన్నవాడి ఇంటికి పోయేది కాదు. అలాంటప్పుడు పాత సంచికి విడిగా సంత పుట్టే అవకాశం తక్కువ.

ఆ పరిస్థితిని రెండు మార్పులు తిరగేశాయి. రెండూ కొన్నేళ్ల తేడాలో జరిగాయి. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852కు పూర్తయి, పశ్చిమ డెల్టా కాలువలకు నీళ్లొచ్చాయి. తినగా మిగిలిన ధాన్యం ఊరి గాదెల్లో పట్టనంతగా పండసాగింది. మరోవైపు స్కాట్లండ్‌లోని డండీ పట్టణంలో 1830ల నుంచే జూట్ నారను యంత్రాల మీద వడుకుతున్నారు. 1855లో కలకత్తా దగ్గర రిష్రాలో మన దేశపు తొలి జూట్ మిల్లు మొదలైంది. నార పండే చోటే నేత కూడా యంత్రం మీదికి రావడంతో గోనె సంచి చవకైంది. అన్నీ ఒకే కొలతలో తయారయ్యాయి కూడా. వ్యాపారానికి ఈ రెండో గుణమే ముఖ్యం. పది సంచులు ఒకే తీరుగా ఉంటేనే ఒకదాని ధర చెప్పి వంద కొనడం సాధ్యం.

ఏలూరు కాలువ గోదావరి కాలువలను కృష్ణా కాలువలతో కలిపింది. అటునుంచి బకింగ్‌హాం కాలువలో పడి పడవలు మద్రాసు దాకా వెళ్లేవి. 1893లో బెజవాడ నుంచి గోదావరి ఒడ్డు దాకా రైలు నడవడంతో ఏలూరు, తాడేపల్లిగూడెం స్టేషన్లయ్యాయి. 1900లో గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన పడ్డాక కలకత్తా వైపు దారి తెగకుండా సాగింది. ధాన్యం ఆ దారిన పోయింది, సంచి ఆ దారినే వచ్చింది. ఆంధ్ర తీరంలోనూ జూట్ మిల్లులు వెలిశాయి: చిట్టివలస, నెల్లిమర్ల, ఏలూరు. ఉత్తరాంధ్రలో పండే గోగునారను బయటి వ్యాపారులు భీమునిపట్నం జూట్ అనే పేరుతో కొనేవారు. ఏలూరులో మిల్లు ఉన్నంత మాత్రాన ఆ చుట్టుపక్కల రైతు కొత్త సంచి కొన్నాడనుకోకూడదు. కొత్త సంచిని మొదట కొనేది బియ్యం మిల్లరూ, పెద్ద వర్తకుడూ, ఆ తర్వాతి కాలంలో ప్రభుత్వం. రైతు దగ్గరికి అది చేరేసరికి ఒకసారైనా నిండి ఖాళీ అయి ఉంటుంది.

పాత సంచులు పోగుపడటానికి మూలం ధాన్యానికీ బియ్యానికీ ఉన్న తేడాలోనే ఉంది. ఊక ఉన్నందువల్ల ధాన్యం ఎక్కువ చోటు తింటుంది. బియ్యమైతే దాదాపు వంద కిలోలు పట్టే పెద్ద గోతంలో ధాన్యం 75 కిలోలే పడుతుంది. గోదావరి జిల్లాల రైతు ఇవాళ్టికీ ఎకరం దిగుబడిని 75 కిలోల బస్తాల్లోనే చెబుతాడు. అలాగే 50 కిలోల బియ్యం పట్టే సంచిలో ధాన్యం 40 కిలోల దగ్గర ఆగుతుంది; ప్రభుత్వ కొనుగోళ్లలో ఈ రాష్ట్రంలో వాడుతున్న తూకం అదే. పంజాబులో 37.5 కిలోలు నింపుతారు. ఇక లెక్క చూస్తే, క్వింటాలు ధాన్యానికి 40 కిలోల సంచులు రెండున్నర కావాలి. దాన్ని ఆడిస్తే వచ్చే 67 కిలోల పచ్చి బియ్యానికి 50 కిలోల సంచులు ఒకటిన్నర కూడా పట్టవు. మిల్లులోకి వచ్చిన సంచులకన్నా బయటికి పోయే సంచులు ఎప్పుడూ తక్కువే. బియ్యానికి కొత్త సంచే వాడాలన్న నిబంధన ఉన్నప్పుడైతే ధాన్యంతో వచ్చిన సంచులన్నీ మిల్లు చావిట్లోనే మిగిలిపోతాయి. 20వ శతాబ్దంలో మరబియ్యం మిల్లులు రైలు స్టేషన్ల చుట్టూ పెరిగేకొద్దీ వాటి పక్కనే పాత గోతాల కొట్లూ పెరగడానికి ఈ లెక్క చాలు.

మిల్లు దగ్గరా, కిరాణా కొట్ల దగ్గరా ఖాళీ సంచులు కొన్న వ్యాపారి మొదట చేసే పని వాటిని తిరగేసి దులపడం. మూలల్లో ఇరుక్కున్న నూకా, తవుడూ, దుమ్మూ రాలిపోతాయి, పురుగుంటే బయటపడుతుంది. తర్వాత ఒక్కొక్క సంచినీ వెలుతురుకు ఎత్తి చూస్తారు. హమాలీ కొక్కెం దిగిన చోట నేత విడిపోయి గుండ్రటి చిల్లు కనబడుతుంది. అది చిన్నదైతే దబ్బనంలో పురికొస ఎక్కించి పోగుల్ని దగ్గరికి లాగేస్తారు. ఎలుక కొట్టిన చిల్లుకు అంచులు పీచులు పీచులుగా లేస్తాయి, దానికి మాసిక తప్పదు. మాసికకు గుడ్డ బయట కొనరు. పనికిరాకుండా పోయిన సంచినే ముక్కలు కోసి పెట్టుకుంటారు. తడిసి చివికిన సంచిని రెండు చేతులా పట్టి లాగితే నార పుటుక్కున తెగుతుంది. దానికి ఏ కుట్టూ నిలవదు. అలాంటిది గోనె పట్టా కింద పోవాల్సిందే: గుమ్మంలో కాళ్లు తుడుచుకోవడానికో, పశువు మీద కప్పడానికో, ఐసు దిమ్మ మీద ఊకతో పాటు వేయడానికో. మిగిలినవి మేలు, మధ్యస్థం అని వేరై కట్టలు కట్టుకుంటాయి. కుట్టుపనిలో చాలావరకు ఆడవాళ్లే ఉంటారు. కూలి సంచుల లెక్కన.

నూనె మరక ఉన్నవీ, ఎరువు వాసన, పురుగుమందు వాసన కొట్టేవీ ధాన్యానికి పనికిరావు. ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. 1958లో కేరళలో పెరాథియాన్ అనే పురుగుమందు సోకిన గోధుమపిండి తిని వందమందికి పైగా చనిపోయారు. మందూ తిండిసరుకూ ఒకే ఓడలో కలిసి రావడమే అందుకు కారణం. గోనె గుడ్డ లోపలి గింజను రాలనివ్వదు గాని, బయటి ద్రవాన్ని ఆపలేదు. ధాన్యం నిల్వకు పాత సంచి వాడక తప్పకపోతే మలాథియాన్ కలిపిన నీళ్లలో ముంచి బాగా ఎండబెట్టాలని వ్యవసాయ శాఖ చెబుతూ వచ్చింది. పురుగుమందు అంటుతుందని భయపడాల్సిన వస్తువుకు పురుగుమందుతోనే శుద్ధి! పాత సంచిలో దాగిన ముక్కపురుగు కొత్త పంటకు పట్టే తీరు చూసినవారికి ఇది వింతగా తోచదు.

ధాన్యం బేరంలో సంచి మాట విడిగా వస్తుంది. సంచి కొనేవాడు పంపాడా, అమ్మేవాడు పెట్టుకున్నాడా అన్నది ముందు తేలాలి. కాటా మీద సంచి బరువు కింద ఎంత తరుగు తియ్యాలన్నది తర్వాత తేలాలి. పెద్ద గోతం బరువు దాదాపు కిలో. మంచుకు తడిస్తే ఇంకా పెరుగుతుంది, మాసికలు పడితే ఇంకాస్త. బస్తాకు వంద గ్రాములు అటూ ఇటూ అయినా వంద బస్తాల మీద పది కిలోల ధాన్యం. అంతకన్నా పెద్ద సంగతి ఒకటుంది. కళ్లంలో సంచులు దింపినవాడికే ధాన్యం పోవడం ఊళ్లలో మామూలు. కమీషన్ వ్యాపారి కోతకు ముందే ఖాళీ గోతాల కట్ట రైతు ఇంటికి పంపాడంటే సగం బేరం అయిపోయినట్టే. సొంతంగా పాత సంచులు కొని అటక మీద దాచుకున్న రైతు మాత్రం నాలుగు రోజులు ఆగి ధర చూసుకోగలిగేవాడు. కాబట్టి పాత గోతాల కొట్టును తుక్కు కొట్ల వరసలో వేసి చూడటం పొరపాటు. పంట అమ్ముకునే స్వేచ్ఛ కొంత అక్కడ దొరికేది.

కొత్త సంచికి కరువొచ్చిన ప్రతిసారీ పాతదానికి గిరాకీ లేచింది. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల ముందు పేర్చిన ఇసుక బస్తాలు బెంగాలు మిల్లులవే. 1947 దేశ విభజనలో జూట్ పండే నేలలో ఎక్కువ భాగం తూర్పు పాకిస్తాన్‌కు పోయి, మిల్లులు కలకత్తా చుట్టూ మిగిలిపోయాయి. 1949 సెప్టెంబరులో భారత్ రూపాయి విలువ తగ్గించుకుంది, పాకిస్తాన్ తగ్గించుకోలేదు. దాంతో రెండు దేశాల మధ్య జూట్ వ్యాపారం కొంతకాలం ఆగిపోయింది. ఇలాంటి ఏళ్లలో వరి పండించే సీమలకు ఆధారం ఇళ్లలో, మిల్లుల్లో ఉన్న పాత సంచులే.

ప్రభుత్వం ధాన్యం వ్యాపారంలోకి దిగాక సంచుల ప్రవాహం దిశే మారింది. 1965లో భారత ఆహార సంస్థ ఏర్పడింది. మిల్లర్లు ఆడించిన బియ్యంలో కొంత భాగం లెవీ కింద ఆ సంస్థకు కొత్త సంచుల్లో పోసి ఇవ్వాల్సివచ్చింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలైంది. ఊరూరా చౌకదుకాణానికి నెలనెలా బియ్యం బస్తాలు దిగాయి, నెలాఖరుకు ఖాళీ సంచులు మిగిలాయి. మిల్లు చావిడిలా ప్రతి రేషన్ డిపో కూడా పాత సంచుల ఊట అయింది. డీలరుకు కమీషన్ కొద్దిగానే ఉండేది కాబట్టి ఖాళీ సంచుల మీద వచ్చే డబ్బు అతని రాబడిలో లెక్కకొచ్చే భాగమే. సైకిలు మీద తిరుగుతూ ఆ సంచులు కొనేవాడు తాడేపల్లిగూడెం కొట్టుకు వేస్తే, సార్వా కోతలకు అవే సంచులు మళ్లీ పల్లెకు చేరేవి. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టు కూడా పాత గోతాలకు మంచి గిరాకీ చోటు. ఉల్లికి గాలి ఆడాలి కాబట్టి కాస్త వదులైన నేత ఉన్నా పరవాలేదు. ధాన్యానికి పనికిరాని సంచికి అక్కడ చోటు దొరికేది.

సంచి పరిమాణం కూడా ఈ కాలంలోనే తగ్గింది. వయోజన పురుషుడు మోసే బరువు 55 కిలోలు మించకూడదని 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సిఫార్సు చేసింది. దాన్ని అందుకోవడానికి మన దేశానికి చాలా ఏళ్లు పట్టింది. చివరికి ఆహార సంస్థ 95 కిలోల సంచిని వదిలి 50 కిలోల సంచికి వచ్చింది. ఇవి 500 సంచుల బేళ్లుగా వస్తాయి. సంచి మీద రంగు చార, పంట సంవత్సరం, మిల్లు పేరు అచ్చు వేయడం తప్పనిసరైంది. పాత సంచిలో కొత్త లెవీ బియ్యం పోసి కొత్తదని ఇవ్వకుండా ఈ ఏర్పాటు. ఒక పాత సంచి మీద రెండు మూడు అచ్చులు ఒకదానిమీద ఒకటి పడి ఉంటే అది ఎన్ని చోట్ల తిరిగిందో చదువుకోవచ్చు. గోధుమతో వచ్చిన పంజాబు సంచి పిండిమిల్లులో ఖాళీ అయి డెల్టా ధాన్యాన్ని మోయడం అరుదేమీ కాదు.

ఇంతలో ప్లాస్టిక్ వచ్చింది. సిమెంటు, ఎరువులు గోనె సంచిని వదిలి ప్లాస్టిక్ నేత సంచిలోకి మారిపోయాయి. జూట్ రైతునూ మిల్లు కార్మికుణ్నీ కాపాడటానికి కేంద్రం 1987లో కొన్ని సరుకులకు జూట్ సంచులే వాడాలని చట్టం చేసింది. ఆహారధాన్యాలు అందులో ముఖ్యం. దానివల్ల ప్రభుత్వ బియ్యం గోనెలోనే ఉండిపోయింది. బయటి మార్కెట్లో అమ్మే సన్నబియ్యం రంగు బొమ్మల ప్లాస్టిక్ సంచిలోకి వెళ్లింది. పేర్చిన బస్తాల మీద గోనె జారదు, ప్లాస్టిక్ జారుతుంది. గోనెలోంచి చెమ్మ ఆరుతుంది, ప్లాస్టిక్‌లో ఉక్కబోస్తుంది. అయినా తేలికగా దొరికే పాత యూరియా సంచి రైతు ఇంట్లో గోతం చేసే పనుల్లో సగం లాక్కుంది. వానకు తలమీద ముసుగులా వేసుకోవడానికీ, కాలువ గట్టుకు గండి పడితే ఇసుక నింపి పూడ్చడానికీ ఇప్పుడు అదే.

పాత ప్లాస్టిక్ సంచికి అన్నిటికన్నా తెలివైన ఉపయోగం కొల్లేరు వైపు పుట్టింది. 1970ల నడుమ ప్రభుత్వం సహకార సంఘాల ద్వారా సరస్సులో చేపల చెరువులు తవ్వించింది. ఆ తర్వాత ప్రైవేటు చెరువులు చుట్టుపక్కల వరిపొలాల్లోకీ పాకాయి. బొచ్చె, రాగండి చేపలకు ముఖ్యమైన మేత తవుడు, నూనె తీసిన తవుడు, దానిలో కలిపే వేరుశనగ చెక్క. మేతను నీళ్లమీద చల్లితే చాలా భాగం అడుగుకు పోయి కుళ్లుతుంది. రైతులు పాత ఎరువుల సంచి తీసుకుని కింది భాగంలో రెండు మూడు వరసలు చిల్లులు పొడిచారు. అందులో మేత నింపి, మూతి కట్టి, చెరువులో పాతిన వెదురు గెడలకు వేలాడదీశారు. చేప వచ్చి చిల్లుకు నోరు పెట్టి పీల్చుకుంటుంది. తిన్నంతే బయటికొస్తుంది. కొన్ని గంటల తర్వాత పడవలో వెళ్లి సంచులు ఎత్తి చూస్తే చేపల ఆకలీ ఆరోగ్యమూ తెలిసిపోతాయి. సంచి ఖాళీ అయితే సరే, సగం మిగిలితే నీటిలోనో చేపలోనో తేడా ఉన్నట్టు. ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ ప్రచురణలు కూడా ఈ పద్ధతిని ఆంధ్ర చేపల పెంపకపు ప్రత్యేకతగా వర్ణించాయి. ఎరువుల సంచిని బాగా కడగకుండా వాడితే ముప్పే, కాని ఈ పనితో పాత ప్లాస్టిక్ సంచికి ఈ సీమలో నికరమైన గిరాకీ ఏర్పడింది. 2006లో కొల్లేరు అభయారణ్యం లోపలి చెరువుల గట్లు ప్రభుత్వం తెగ్గొట్టినా బయటి చెరువుల్లో సంచులు వేలాడుతూనే ఉన్నాయి.

గోనె విషయానికొస్తే, గత ఇరవై ముప్పయ్యేళ్లలో వచ్చిన పెద్ద మార్పు కోత యంత్రం. పూర్వం వరి కోసి కుప్ప వేసి, వీలు చూసుకుని సంక్రాంతికి అటూ ఇటూ నూర్చేవారు. ధాన్యం నెలల తరబడి కొద్దికొద్దిగా మిల్లుకు పోయేది కాబట్టి ఒకే సంచి ఒకే సీజన్లో మూడు నాలుగు సార్లు తిరిగేది. యంత్రంతో కోస్తే ఊరి ధాన్యమంతా కొద్ది రోజుల్లో, అదీ పచ్చిగా, రోడ్ల మీదా పట్టాల మీదా పరుచుకుంటుంది. అందరికీ సంచులు ఒకేసారి కావాలి. పంట పెరగకపోయినా సంచుల అవసరం పెరిగింది.

2015లో లెవీ పద్ధతి పోయింది. ప్రభుత్వ సంస్థలే ధాన్యం కొని మిల్లులకు ఆడించడానికి ఇచ్చే పద్ధతి మిగిలింది. 2020 మే 30న మొదలైన రైతు భరోసా కేంద్రాలు కొనుగోళ్లకు ముఖద్వారాలయ్యాయి. సంచులు సమకూర్చే బాధ్యత మిల్లర్ల మీదా పౌరసరఫరాల సంస్థ మీదా పడింది. వాటిలో పాతవీ కలిసే ఉంటాయి. చిల్లుల సంచులు ఇచ్చారని, కట్టలో లెక్క తక్కువని, సంచులు రాక కాటా ఆగిందని రైతుల ఫిర్యాదులు గోదావరి జిల్లాల్లో సీజన్ సీజన్‌కూ వినిపిస్తాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోసిన సార్వా ధాన్యం కళ్లాల్లోనే ఉంది. అలాంటి వేళ చేతిలో పాత సంచులున్న రైతు ధాన్యం ఎత్తి దాచుకోగలడు, లేనివాడు పట్టా కప్పి కూర్చోవాలి.

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో బెంగాలు జూట్ మిల్లులు మూతపడ్డాయి. రబీ కొనుగోళ్లకు ఒకసారి వాడిన గోనె సంచులూ, ప్లాస్టిక్ సంచులూ వాడుకోవచ్చని కేంద్రం సడలింపు ఇవ్వక తప్పలేదు. అప్పటిదాకా తక్కువరకంగా చూసిన పాత సంచికి ప్రభుత్వ కాగితాల్లో చోటు దొరికింది. దాని వెంటే దాని యజమాని ఎవరన్న తగవూ వచ్చింది. రేషన్ డిపోల్లో ఖాళీ అయిన సంచులను తిరిగి ప్రభుత్వానికే అప్పగించాలని ఆంధ్రప్రదేశ్‌లో ఉత్తర్వు వెలువడింది. దాన్ని ఉపసంహరించాలన్నది 2021 అక్టోబరులో డీలర్లు సరుకు దించుకోవడం మానేసి చేసిన ఆందోళనలో ముఖ్యమైన కోరిక. బియ్యం ధరలో సంచి ధర చేరి ఉందా, ఖాళీ సంచి బియ్యం ఇచ్చినవారిదా, పంచినవారిదా అన్నదే ఆ వాదమంతా. ఇంచుమించు అదే కాలంలో తెలంగాణ ప్రభుత్వం కూడా డీలర్ల నుంచి పాత సంచులు తీసుకుని, ఒక్కోదానికి ధర కట్టింది.

ఈ ఏర్పాట్లతో పాత గోతాల కొట్ల చేతికి వచ్చే మంచి రకం తగ్గింది. రైతే సంచి పెట్టుకుంటే దాని అద్దె, హమాలీ, రవాణా ఖర్చులు ప్రభుత్వం తిరిగి చెల్లించే విధానం వచ్చాక సంచి అద్దె ధాన్యం బిల్లులో వేరే పద్దుగా చేరింది. 2024లో రైతు భరోసా కేంద్రాలు రైతు సేవా కేంద్రాలుగా పేరు మార్చుకున్నాయి. మిల్లుల నుంచి కేంద్రాలకూ, కేంద్రాల నుంచి కళ్లాలకూ పాత, కొత్త సంచులు కలిసి వెళ్లడం అలాగే నడుస్తోంది. ప్రభుత్వ కొనుగోలుకు వెలుపల పశువుల దాణాకూ, ఉల్లికీ, ఇటుక బట్టీలకు పోయే ఊకకూ కావలసిన గోతాలు ఇప్పటికీ కొట్ల నుంచే, కట్టల లెక్కన అమ్ముడవుతున్నాయి.